వలదన్న యంత్రములపై నిత్యవ్యవహారము

2017 ఏప్రిల్ నెలలో, ఇంటెల్ ఏడవ తరపు ప్రాసెసరు గల క్రొత్త కంప్యూటరును కొని, అలవాటు చొప్పున దానియందు విండోస్ 7ను నెలకొల్పుకొన్న వారికి, ఈ ప్రాసెసరునకు ఈ విండోస్‌లో మద్దతు లేదనియు, ఇకమీదట భద్రతాసవరణలు అందవనియు తెలుపు హెచ్చరిక తెరపై కనబడసాగెను. యంత్రము మిక్కిలి క్రొత్తదగుటయే అప్పటి దోషము. నాలుగేండ్లు గడచి, 2021 అక్టోబరు 5వ తేదీన విండోస్ 11 వెలువడినప్పుడు, ఆ ఏడవ తరపు ప్రాసెసర్లే, స్వల్పమైన మినహాయింపులతో, మిక్కిలి పాతవన్న కారణమున అనర్హములైనవి. ఈ నడుమ ఆ సిలికాను బిళ్లలో ఒక్క రేఖయైనను మారలేదు. మారినది, ఆపరేటింగ్ సిస్టంను వ్రాసినవారు తమ బాధ్యతకు గీచుకొన్న హద్దు మాత్రమే.

ఆ హద్దు సామాన్యుని గడపదాక వచ్చినది 2025 అక్టోబరు 14వ తేదీన. 2015 జూలైలో వెలువడి పదేండ్లు లోకవ్యవహారమును మోసిన విండోస్ 10నకు ఆనాటితో సాధారణపు మద్దతు ముగిసెను. విండోస్ 11నకు మారలేక చెత్తలో చేరగల కంప్యూటర్లు ప్రపంచమున 24 కోట్లుండవచ్చునని కెనాలిస్ అను విపణి పరిశీలనసంస్థ 2023 డిసెంబరులోనే అంచనా కట్టియుండెను. ఉత్తరములు వ్రాయుటకు, పద్దులు చూచుటకు, పాఠములు వినుటకు, బ్యాంకు పనులు చక్కబెట్టుకొనుటకు చాలినంత సత్తువ ఇంకను గల యంత్రములు వీనిలో అనేకములు. అట్టి యంత్రములను, తయారీదారు వలదన్నను, నిత్యవ్యవహారమునకు వాడుకొనవచ్చునా, వాడుకొన్నచో ఏ మేరకు, ఏ మూల్యమునకు అనునది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

మొదట మద్దతు అనగా నేమో తెలిసికొనవలెను. ఆపరేటింగ్ సిస్టం ఎఱిగిన భాష వేరు; వై-ఫై చిప్పు, గ్రాఫిక్సు కార్డు, ప్రింటరు ఎఱిగిన భాషలు వేరు. కంపెనీవారి కాలమున దొరలకును రైతులకును నడుమ దుబాసీలు నిలిచినట్లు, ఈ రెంటి నడుమ డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము నిలిచి, ఒకరి మాట నొకరికి తెలుపుచుండును. ఆ దుబాసీని పోషించుట, ప్రతి మార్పునకు పిమ్మట యంత్రమును మరల పరీక్షించుట, లోపము బయటపడినప్పుడు సవరణను పంపుట—ఈ మూడు భారములును కలిసి మద్దతగుచున్నవి. కావున అది లేకపోవుటయు మూడు విధములుగా నుండును. ఆవశ్యకమైన ఆజ్ఞ ప్రాసెసరులోనే లేకపోవుట మొదటిది. దీనికి మందు లేదు. యంత్రమునకు శక్తి యున్నను తయారీదారు నిరాకరించుట రెండవది. దీనికి దొడ్డిదారు లుండును. ఎవ్వరును నిరాకరింపలేదు గాని ఎవ్వరును పరీక్షింపలేదు, హామీ యీయలేదు అనునది మూడవది. ఇచట ఓర్పే ఉపాయము. ఈ మూటిని ఒక్క గాటను కట్టుటచేతనే, కొందరు చేయదగిన పనికి జంకుచున్నారు, మరికొందరు చేయరాని పనికి తెగించుచున్నారు.

విండోస్ 11 విషయమున నిరాకరణము పాలు ఎక్కువ. 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిలువ, సెక్యూర్ బూట్‌నకు తగిన ఫర్మ్‌వేరు, టి.పి.ఎం. 2.0 అను భద్రతాచిప్పు, ఇంటెల్ అయినచో ఎనిమిదవ తరమునకును, ఏ.ఎం.డి. అయినచో రైజెన్ 2000 వరుసకును తక్కువగాని ప్రాసెసరు ఉండవలెనని మైక్రోసాఫ్టు శాసించినది. ఈ శాసనమునకు హేతువు లేకపోలేదు. రహస్యపు తాళములను డిస్కులో గాక ప్రత్యేకమైన చిప్పులో దాచుటయు, ఆపరేటింగ్ సిస్టం గర్భమగు కెర్నెల్‌లోనికి దొంగకోడు చొరకుండ మెమరీని కాపాడుటయు నిజమైన రక్షణలే. మెమరీ రక్షణ భారమును ఇంటెల్ ఏడవ తరము నుండియు, ఏ.ఎం.డి. జెన్ 2 నుండియు ప్రాసెసర్లు తామే తేలికగా మోయగలవు. అంతకు పూర్వపు వానియందు దానిని సాఫ్టువేరుతో అనుకరింపవలసి యుండుటచేత వేగము తగ్గును. అర్హత లేని యంత్రములలో కెర్నెల్ కుప్పకూలుటలు 52 శాతము అధికముగా నుండెననియు, అర్హత గలవి 99.8 శాతము ఆటంకము లేక నడచెననియు ఆ సంస్థ 2021 ఆగస్టులో ప్రకటించెను.

అయినను ఈ వాదమును నిశితముగా చూచువానికి రెండు సందులు గోచరించును. ఆ రక్షణ సామర్థ్యము గల ఇంటెల్ ఏడవ తరము బయట నిలువగా, జెన్ 2కు పూర్వపుదై అది లేని ఏ.ఎం.డి. రైజెన్ 2000 లోనికి ప్రవేశించినది. ఏడవ తరములో మినహాయింపు పొందిన కొలదివానిలో కోర్ ఐ7-7820హెచ్‌క్యూ ఒకటి. మైక్రోసాఫ్టు స్వయముగా విక్రయించిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది ఆ ప్రాసెసరే. ఇక కుప్పకూలుటలు 52 శాతము అధికమనుట వినుటకు భయంకరమే గాని, మూలసంఖ్య ఎంతయో తెలియనిదే శాతము బరువు తూగదు: వేయింటికి రెండు అయినది మూడగుటకును, నూటికి ఇరువది అయినది ముప్పదియగుటకును శాతము ఇంచుమించు ఒక్కటే, కాని వాడుకరి బాధ ఒక్కటి కాదు.

నిరాకరణమున్న చోట దొడ్డిదారి వెలయుట సహజము. రిజిస్ట్రీలో ఒక విలువను చేర్చి, టి.పి.ఎం. 1.2 మాత్రమే గల యంత్రమునైనను విండోస్ 11నకు మార్చు విధమును మైక్రోసాఫ్టే తన సహాయపుటలలో వ్రాసి, పిమ్మట తొలగించినది. రూఫస్ అను ఉచిత సాధనము ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవును సిద్ధపరచునప్పుడే ఈ పరీక్షలను తప్పింపగలదు. ఇట్లు నెలకొల్పిన యంత్రము మొదటినాడు చక్కగా నడచుటను చూచి పలువురు కార్యము సిద్ధించెనని సంతోషింతురు. కాని పరీక్షకాలము ఆ పిమ్మటనే ఆరంభమగును. అట్టి యంత్రములకు అప్‌డేట్‌లు పొందు హక్కు లేదని సంస్థ ముందుగనే చెప్పియున్నది. నెలనెల సవరణలు సామాన్యముగా వచ్చుచునే యుండును. ఏటేట వెలువడు క్రొత్త వెర్షను మాత్రము తనంతట రాదు, పెన్‌డ్రైవుతో మరల మొదటి తంతు నడుపవలెను. ఒకనాటికి దొడ్డిదారియు మూసికొనిపోవచ్చును. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షను పాప్‌కౌంట్, ఎస్.ఎస్.ఇ. 4.2 అను ప్రాసెసరు ఆజ్ఞలను తప్పనిసరి చేయుటతో, అంతవరకు కుంటుచునైనను నడచిన కోర్ 2 డ్యుయో యంత్రములు బూట్ అగుటయే మానినవి. నిన్నటి నిరాకరణము నేడు అసాధ్యమైనది. కావున ఇంటెల్ ఆరవ, ఏడవ తరముల యంత్రమునకు ఈ మార్గము కొన్నేండ్ల ఊరట కాగా, 2008కి పూర్వపు యంత్రమునకు మూసిన తలుపు.

దీనికి ప్రతిలోమమైన సమస్య తెలుగునాట ఎక్కువ పరిచితము. క్రొత్త యంత్రములు వచ్చినను పాత ఆపరేటింగ్ సిస్టంను నిలుపుకొనుట ఆ సమస్య. శుభలేఖలు, కరపత్రములు, పుస్తకములు కూర్చు మన డి.టి.పి. కేంద్రములలో “అను” పేరిటి తెలుగు ఫాంట్లును, పుటలు కూర్చు పేజిమేకరును దీర్ఘకాలము రాజ్యము చేసినవి. యూనికోడునకు చెందని ఆ కూర్పులో వేలకొలది పుటల పాత ఫైళ్లు నిలిచిపోగా, ఆ ఫైళ్ల కొఱకు ఆ సాఫ్టువేరును, ఆ సాఫ్టువేరు కొఱకు విండోస్ ఎక్స్‌పీనో విండోస్ 7నో, దాని కొఱకు మూలుగుచున్న యంత్రమును పట్టుకొని వ్రేలాడువారు నేటికిని ఉన్నారు. వారిని చాదస్తులని నిందించుట తగదు. వారి జీవనాధారము ఆ ఫైళ్లలో నున్నది. కాని అట్టి యంత్రమును ఇంటర్నెట్‌నకు తగిలించుట వేరు విషయము. 2017 మే నెలలో వన్నాక్రై అను వైరస్ ప్రపంచమును చుట్టినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినవి. మైక్రోసాఫ్టు దానికి విరుగుడును ఆ యేడు మార్చిలోనే విడుదల చేసియుండెను. విరుగుడు వెలువడియు యంత్రమున చేరకపోవుటయే పలుచోట్ల నష్టమునకు మూలము. విండోస్ 7కు క్రోమ్ బ్రౌజరు 109వ వెర్షనుతో, అనగా 2023 తొలినాళ్లలోనే, సెలవు చెప్పినది. పాత సాఫ్టువేరు అనివార్యమైనచో, మద్దతు గల ఆపరేటింగ్ సిస్టంలో వర్చువల్ మెషీనును కల్పించి, నెట్‌వర్కు సంబంధము తెంచి, పాత విండోస్‌ను ఆ గదిలో బంధించి వాడుకొనుట ఉత్తమమైన పద్ధతి.

ఆపిల్ వారి లోకమున నిరాకరణ మౌనముగా సాగును. ఇన్నేండ్లు సవరణలు పంపుదుమని ఆ సంస్థ మాక్ ఆపరేటింగ్ సిస్టం విషయమున లిఖితపూర్వకముగా చెప్పదు. చివరి మూడు వెర్షన్లకు భద్రతాసవరణలు వచ్చుట ఆచారముగా మాత్రమే కనబడుచున్నది. ఈ పంక్తినుండి త్రోసివేయబడిన మాకులకై డోర్టానియా అను స్వచ్ఛందబృందము ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అను సాధనమును నిర్మించి, 2008 ప్రాంతపు యంత్రములను సైతము 2020 నాటి బిగ్ సర్ మొదలు 2024 నాటి సెకోయా వరకు నడచునట్లు చేసినది. ఆపిల్ తొలగించిన పాత డ్రైవర్లను మరల తెచ్చి అతికించుట దీని ప్రధానకార్యము. ఆ అతుకుకొఱకు, బిగ్ సర్ నుండి ముద్రవేసి మూసియుంచిన సిస్టం విభాగపు ముద్రను పగులగొట్టవలెను; అనేక యంత్రములలో సిస్టం సమగ్రతను కాపాడు కట్టడిని సడలింపవలెను. ప్రతి అప్‌డేట్‌నకు పిమ్మట అతుకులను మరల వేయవలెను. 2018 నాటి మొజావె నుండి ఆవశ్యకమైన మెటల్ గ్రాఫిక్సు సామర్థ్యము గల మాకులపై ఈ ఏర్పాటు మెచ్చదగినంతగా నడచును. అది లేని వానిపై తెరలో చిత్రవిచిత్రమైన లోపములు తప్పవు. పాత వెర్షనునకు సవరణలు ఆగినచో, అతుకుల క్రొత్త వెర్షను మేలో, ముద్ర చెడని పాత వెర్షను మేలో తేల్చుట సులభము కాదు. తెలిసిన లోపములు పూడుట మొదటి పక్షమున లాభము. క్రొత్త రంధ్రమును మనమే తొలిచికొనుట నష్టము. ఇంతకును ఈ పర్వము ముగింపునకు వచ్చినది: ఇంటెల్ మాకులకు టాహో అను వెర్షనే కడపటిదని ఆపిల్ 2025 జూన్‌లో ప్రకటించెను.

ఆపిల్ తయారు చేయని కంప్యూటరుపై మాక్ సిస్టంను నడుపు హాకింటోష్ విద్యయు ఆ ప్రకటనతోనే అస్తమయమునకు చేరినది. 2006లో ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారుటతో వెలసిన ఈ విద్యకు మొదటినుండియు ధర్మసందేహము వెన్నంటియున్నది, ఏలయన లైసెన్సు ఆపిల్ ముద్రగల యంత్రములకే పరిమితము. హాకింటోష్ యంత్రములను అమ్మకమునకు పెట్టిన సైస్టార్ అను సంస్థపై ఆపిల్ 2008లో దావా వేసి మరుసటి యేడు గెలిచినది. సరదాకు నేర్చుకొనుటకు చక్కని విద్యయే గాని, ఉపాధిని దానిపై నిలుపుట ఎన్నడును వివేకము కాలేదు.

లినక్సు వైపు తిరిగినప్పుడు సమస్య స్వరూపమే మారును. అచట నిరాకరించు యజమాని లేడు; పోషించువారు ఉన్నంత కాలము డ్రైవరు బ్రతుకును. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఏ 386 ప్రాసెసరుపై దానిని వ్రాయ నారంభించెనో, ఆ 386నకు మద్దతు 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8 కెర్నెల్‌తో గాని తొలగలేదు. అయినను లినక్సు చిరంజీవులను సృష్టించునని తలంపరాదు. ఉబుంటు 2017లోనే 32-బిట్ డెస్క్‌టాప్ ప్రతులను మానినది; డెబియన్ 2025 ఆగస్టు నాటి 13వ వెర్షనులో 32-బిట్ ఇంటెల్ యంత్రములకు ఇన్‌స్టాలరును కెర్నెల్‌ను అందించుట నిలిపినది. 64-బిట్ ప్రాసెసరును, 4 జి.బి. ర్యామును, ఒక ఎస్.ఎస్.డి.యు ఉన్న పక్షమున లినక్సు మింటో లుబుంటువో పదేండ్లు దాటిన లాప్‌టాప్‌ను సైతము నిత్యవ్యవహారమునకు ఒప్పుగా నడపగలవు.

లినక్సులో ఎదురగునది మూడవ విధపు లేమి. యంత్రము నడచును, కాని బ్రాడ్‌కామ్ వై-ఫైకి వేరుగా డ్రైవరు వెదకవలసి వచ్చును, పాత ఎన్‌విడియా కార్డునకు తయారీదారు డ్రైవరు క్రొత్త కెర్నెల్‌తో పొసగదు, వ్రేలిముద్ర పరికరము మూగనోము పట్టును. ఆఫీసు ప్రింటరు పనిచేసి స్కానరు పనిచేయకపోవుటయు కలదు. తెలుగువారికి మఱియొక ప్రశ్న కూడ కలదు: తెలుగు వ్రాయగలమా? దీనికి సమాధానము తృప్తికరమే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్సులో సిద్ధముగా నుండును; లోహిత్, నోటో, పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛగా లభించును; హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థవారు తెలుగు మెనూలతో లినక్సును రూపొందించిన చరిత్రయు ఉన్నది. టాలీ వంటి విండోస్ ప్రోగ్రాములపైనను, విండోస్‌కే పరిమితమైన డిజిటల్ సంతకపు సాధనములపైనను ఆధారపడిన వారు మాత్రము ముందు వానిని విచారించుకొని పిమ్మట అడుగు వేయవలెను.

ఎవ్వరి మద్దతును లేని యంత్రముపై ఓర్పు ఎంత సాధింపగలదో చూపిన ఉత్తమోదాహరణము అసాహి లినక్సు. ఆపిల్ తన ఎం1 ప్రాసెసరు లోపలి మర్మములను వెల్లడింపలేదు. ఇతర సిస్టంలను బూట్ చేయుటకు మాత్రము అడ్డుపడలేదు. హెక్టర్ మార్టిన్ నాయకత్వమున ఆరంభమైన ఈ ప్రయత్నము 2022 మార్చిలో తొలిరూపమును, 2023 డిసెంబరులో ఫెడోరా అసాహి రీమిక్స్ అను పరిణతరూపమును పొందినది. అలిస్సా రోజెన్‌జ్వైగ్ మొదలగువారు గ్రాఫిక్సు చిప్పు గుట్టును పరిశీలనముచేతనే గ్రహించి డ్రైవరును వ్రాసిరి. ఈ లాప్‌టాప్‌ల స్పీకర్లు హద్దు మీరిన శబ్దమునకు దెబ్బతినును గావున, ఉష్ణమును లెక్కించి శబ్దమును అదుపు చేయు ప్రోగ్రాము సిద్ధమగువరకు ఈ బృందము స్పీకర్లనే తెరవలేదు. తయారీదారు ఇంజనీర్లు ఏయే బాధ్యతలను కంటికి కనబడక వహింతురో తెలుపుటకు ఈ ఒక్క సంగతి చాలును. ఇంత చేసినను థండర్‌బోల్ట్, వ్రేలిముద్ర వంటి సౌకర్యములు దీర్ఘకాలము అందలేదు.

పని యంతయు బ్రౌజరులోనే ముగియువారికి గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ మధ్యేమార్గము. ఏయే పాత నమూనాలపై పరీక్షించిరో, దేనికి ఎన్నాళ్లు హామీయో తెలుపు పట్టికను గూగుల్ ప్రకటించుచున్నది. ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రము దీనిలో నడువవు.

భద్రతను గూర్చి మాటలాడునప్పుడు ఆపరేటింగ్ సిస్టం ఒక్కటే గోడ కాదని మరువరాదు. దాని క్రింద ఫర్మ్‌వేరును ప్రాసెసరు మైక్రోకోడును, పైన బ్రౌజరును ఉన్నవి. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపములు ప్రాసెసరు నిర్మాణమునకే చెందినవి. వానికి మైక్రోకోడు సవరణలు కొన్ని తరములవరకే అందినవి. పాత యంత్రముపై ఎంత క్రొత్త సిస్టంను ఎక్కించినను ఈ క్రింది అంతస్తు పాతదిగనే యుండును. కాని సామాన్యుని డబ్బు పోవుచున్న మార్గములు వేరు. మోసపు లింకులు, ఒకే సంకేతపదమును అన్నిచోట్ల వాడుట, అప్‌డేట్ కాని బ్రౌజరు, దొంగ విండోస్ ప్రతులు—ఇవియే ప్రతిదినము ఎదురగు అపాయములు. టి.పి.ఎం. లేకున్నను నెలనెల సవరణలు పొందు యంత్రము, సవరణలు లేని విండోస్ 10 యంత్రము కంటె మేలు. సవరణలు పొందు లినక్సు, ఆ రెంటి కంటెను మేలు.

మూల్యమును విచారింతము. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్లలో చేతులు మారు ఆఫీసు లాప్‌టాప్‌లు చిన్న ఉద్యోగికిని, విద్యార్థికిని కంప్యూటరు భాగ్యమును కలిగించుచున్నవి. అట్టి కొనుగోలుదారు నేడు అడుగవలసిన మొదటి ప్రశ్న ప్రాసెసరు ఎన్నవ తరమని. విండోస్ 11 ఇప్పుడు నడచుచున్నదనుట సమాధానము కాదు. దొడ్డిదారిన ఎక్కించిన దానిని పైచూపునకు గుర్తింపజాలము. ఇదివరకే విండోస్ 10 యంత్రము గలవారు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిన భద్రతాసవరణలకు నమోదు కావచ్చును; మైక్రోసాఫ్టు ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేయువారికి ఇది ఉచితము, కానివారికి 30 డాలర్లు. ఈ ఏర్పాటు దొడ్డిదారి కంటె నిస్సందేహముగా మేలైనది, ఏలయన ఇచట సవరణ హక్కుగా వచ్చును, అచట దయగా వచ్చును. మఱియు లాప్‌టాప్ జీవితమున పర్యావరణమునకు కలుగు భారములో అధికభాగము దానిని తయారు చేయుటలోనే యున్నది గావున, నడచుచున్న యంత్రమును మరికొన్నేండ్లు నడపుట లోభము కాదు.

ఇక తీర్పు. తయారీదారు హద్దు ప్రకృతినియమము కాదు గాని వట్టి వ్యాపారపు గీతయు కాదు. ఆ గీతను దాటిన నాటినుండి అతని భారమును మనము తలకెత్తుకొన్నట్లు. ఆ భారము మొదటి ఇన్‌స్టలేషన్ నాడు తెలియదు, ప్రతి అప్‌డేట్ నాడు తెలియును. కావున ఒకే కంప్యూటరుపై జీవనము సాగించువారు, పరుల ధనమును, రోగుల వివరములను, కక్షిదారుల పత్రములను భద్రపరచువారు వలదన్న సిస్టంను బలవంతముగా ఎక్కింపరాదు. వారు పొడిగింపును వాడుకొని, ఈ లోపల అర్హత గల యంత్రమును సమకూర్చుకొనవలెను. విద్యార్థులు, రచయితలు, ఇంటిపనికి మాత్రమే కంప్యూటరు వాడువారు దానిని ఆదరించు లినక్సును పెన్‌డ్రైవునుండి నడపి, వై-ఫై, శబ్దము, ప్రింటరు, తెలుగు కీబోర్డు నాలుగును సరిచూచుకొని మారుట శ్రేష్ఠము. విండోస్ తప్పనిసరియై, దొడ్డిదారి తప్ప గతి లేనివారు దానిని తాత్కాలికమని ఎఱిగి, ఫైళ్ల ప్రతిని వేరొక డిస్కులో నుంచుకొని, డిస్కునకు తాళము వేయు బిట్‌లాకర్ తాళపుసంఖ్యను కాగితముపై వ్రాసికొని, ఏడాదికొక్క మారు పెన్‌డ్రైవుతో కూర్చుండుటకు సిద్ధపడవలెను. త్రోసిన యంత్రముపై త్రోసిన సిస్టంను ఎక్కించుట కంటె, ఆ యంత్రమును ఇంకను పోషించుచున్న సిస్టంను వెదకికొనుటయే నిత్యవ్యవహారమునకు క్షేమము.